మూడు గోల్సా, ఆరా? – ఆటల పుస్తకాలపై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఆటల పుస్తకాల మీదే. ఏది చదవాలని కొందరు అడిగారు, ఏది నమ్మాలని ఇంకొందరు. రెండో రకం ఉత్తరాలు చూసి ప్రాణం లేచొచ్చింది. స్పోర్ట్స్ డెస్కులో నైట్ డ్యూటీలు చేసి జుట్టు నెరిసినవాణ్ని. స్కోరుకార్డు కూడిక సరిపోకపోతే వార్తను పేజీలోకి పోనిచ్చేవాళ్లం కాదు. ఆ రోగం పుస్తకాలు చదివేటప్పుడూ వదల్లేదు. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ఆగస్టు 29న మా స్కూల్లో జాతీయ క్రీడా దినోత్సవం జరిపాం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో జర్మనీ మీద ధ్యాన్‌చంద్ ఆరు గోల్స్ కొట్టాడని మైకులో చెప్పాను. తొమ్మిదో తరగతి కుర్రాడు లేచి "మూడే సార్" అన్నాడు. ఎవరిది కరెక్టు? హిట్లర్ ఆయనకు ఉద్యోగం ఇస్తానన్న కథ కూడా అబద్ధమేనా?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, కుర్రాడిదే కరెక్టు. వాడికో హాకీ స్టిక్ కొనిపెట్టండి.

దీనికి సాక్షి సాక్షాత్తూ ధ్యాన్‌చందే. మద్రాసు నుంచి అప్పట్లో వచ్చే 'స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్' పత్రిక వాళ్లు 1952లో ఆయన ఆత్మకథ 'గోల్' అచ్చు వేశారు. ఫైనల్లో ఎవరెన్ని కొట్టారో అందులో ఆయనే లెక్క చెప్పారు. రూప్‌సింగ్ ఒకటి, టాప్‌సెల్ ఒకటి, జాఫర్ ఒకటి, దారా రెండు, తాను మూడు. కూడి చూడండి, ఎనిమిది. మనం గెలిచింది 8-1 తేడాతోనే. అంతర్జాతీయ హాకీ సమాఖ్య లెక్కలోనూ ఆయనవి మూడే. మిగతా మూడూ జనం ప్రేమకొద్దీ వేసిన గోల్స్.

జర్మనీ కొట్టిన ఆ ఒక్క గోల్ సంగతి కూడా ఆయన దాచలేదు. అప్పటికి మనం నాలుగు గోల్స్ ముందున్నాం. బంతి మన గోల్‌కీపర్ అలెన్ ప్యాడ్‌కి తగిలి వెనక్కొచ్చింది, జర్మన్లు ఎగబడి లోపలికి నెట్టేశారు. ఆ ఒలింపిక్స్ మొత్తంలో మన మీద పడిన గోల్ అదొక్కటే.

నన్నడిగితే ఆ పుస్తకంలో ఫైనల్ కన్నా దాని ముందు జరిగిందే ఎక్కువ పట్టేస్తుంది. బెర్లిన్‌లో దిగిన కొద్ది రోజులకే జులై 17న ఇదే జర్మనీతో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడి 4-1తో ఓడిపోయారు. అంతకుముందు రెండు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టు! ఇక చూస్కోండి టెన్షన్. ఇండియాకు కబురు పెట్టి దారాని రప్పించారు. సెమీఫైనల్ వేళకు గానీ అతను చేరలేదు. ఫైనల్ ఆగస్టు 14న జరగాలి, వాన వల్ల 15కి వాయిదా పడింది. ఆ రోజు డ్రెస్సింగ్ రూములో జట్టుతో వెళ్లిన పంకజ్ గుప్తా కాంగ్రెస్ మూడురంగుల జెండా బయటికి తీశారు. ఆటగాళ్లంతా దానికి సెల్యూట్ చేసి మైదానంలోకి నడిచారు. ధ్యాన్‌చంద్ అప్పుడు బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉద్యోగి అన్నది గుర్తుపెట్టుకుని ఈ ముక్క మళ్లీ చదవండి. హాఫ్‌టైమ్‌కి స్కోరు 1-0 మాత్రమే. మిగతా ఏడూ రెండో సగంలో పడ్డాయి.

ఇక హిట్లర్ ఉద్యోగం ఇస్తానన్న కథ. 'గోల్'లో ఆ ఊసే లేదు. అంత పెద్ద సంగతి నిజంగా జరిగి ఉంటే ఆయన రాయకుండా ఉంటారా అంటే, ఉన్నా ఉంటారు. తాను మామూలు మనిషినని, ఆ తర్వాత సైనికుణ్నని, ప్రచారానికి దూరంగా ఉండటమే చిన్నప్పటి నుంచి నేర్చుకున్నానని మొదటి పేజీలోనే చెప్పుకున్న మనిషి. కానీ చేతిలో కాగితం లేని కథని మైకులో చెప్పకండి. వెన్నెల్లో చిన్నప్పటి నుంచీ హాకీ సాధన చేశాడనే పాఠం కూడా అలాంటిదే. సైన్యంలో చేరకముందు చెప్పుకోదగ్గ హాకీ ఆడినట్టు గుర్తులేదని ఆయనే రాశారు.

సీకే నాయుడు గారి మీద మంచి పుస్తకం ఏది? మా బందరు మూలాలున్న మనిషని విన్నాను.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మచిలీపట్నం

మూలాలు తెలుగువే సార్, పుట్టింది మాత్రం నాగ్‌పూర్‌లో, 1895లో. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. ఆయన మీద నేను ముందుగా చెప్పే పుస్తకం కూతురు చంద్రా నాయుడు రాసింది. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలితరం మహిళల్లో ఆవిడొకరు. ఆటా తెలుసు, మాటా తెలుసు. వసంత్ రాయ్‌జీ రాసిన జీవితచరిత్ర కూడా ఉంది, లెక్కలు కావాలంటే అది చూడండి.

ఒక జాగ్రత్త. పిల్లలు తండ్రి మీద రాసిన పుస్తకంలో ఇల్లు బాగా కనిపిస్తుంది, కానీ అవతలివాడి వాదన వినిపించదు. లాలా అమర్‌నాథ్ మీద కొడుకు రాజిందర్ రాసిన పుస్తకమూ అంతే. అయినా రెండూ చదవాల్సినవే. ఎందుకంటే ఆ కాలం గొడవలన్నీ మనవాళ్ల చుట్టూనే తిరిగాయి. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు కెప్టెన్ సీకే. అది కూడా యాత్రకు నాయకుడిగా వెళ్లిన పోర్‌బందర్ మహారాజు తప్పుకుంటేనే దక్కింది. చేతికి దెబ్బ తగిలి కూడా తొలి ఇన్నింగ్స్‌లో 40 కొట్టారు. మన 189లో అదే అత్యధికం. 1936 యాత్రకు మాత్రం కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్‌కి పోయింది. మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు 33. పైగా జట్టులో మంచి ఊపు మీదున్న అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేశారు. అదే యాత్రలో ఆ మహారాజకుమార్‌కి 'సర్' బిరుదు వచ్చింది!

ఆ 1936 జట్టులోనే ఇంకో తెలుగింటి మనిషి ఉన్నారు. అడక్కపోయినా చెప్తాను. పేరు కోటా రామస్వామి. మద్రాసు క్రికెట్‌కి పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి కొడుకు. 1922లో దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. పద్నాలుగేళ్ల తర్వాత, నలభై ఏళ్ల వయసులో, మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 కొట్టారు. తర్వాత ఓవల్లో 29, 41 నాటౌట్. అంతే, రెండే టెస్టులు, సగటు 56 దాటింది. ఆయన రాసుకున్న 'రాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్' అని ఒక ఆత్మకథ ఉంది. పేరుకు తగ్గట్టే ఉంటుంది, కబుర్లు చెబుతున్నట్టు. 1985 అక్టోబరులో, దాదాపు తొంభై ఏళ్ల వయసులో, మద్రాసులోని ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్లిన మనిషి మళ్లీ కనిపించలేదు. ఆ పుస్తకం పాత ప్రతి ఎక్కడైనా తగిలితే వెనకాముందు చూడకుండా కొనండి.

సీకే దగ్గరకే వస్తే, 1926లో బొంబాయిలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద పదకొండు సిక్సర్లతో కొట్టిన 153 గురించి ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీల్లోకి వచ్చినప్పుడు యాభై ఎనిమిదేళ్ల సీకే వచ్చి కెప్టెన్సీ చేశారన్నది మాత్రం మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

హిస్టరీ ఎమ్మే చదువుతున్నాను. క్రికెట్ పుస్తకం పట్టుకుంటే చాలు, నాన్న "పరీక్షలు లేవా?" అని మొదలెడతారు. నాన్న నోరు మూయించే పుస్తకం ఏదైనా చెప్పండి.
– విద్యార్థిని, గుంటూరు

అమ్మా, నాన్నగారి నోరు మూయించడం ఎందుకు, ఆయన చేతనే చదివిద్దాం. రామచంద్ర గుహ రాసిన 'ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్' తెచ్చుకో. 2002లో వచ్చింది. పేరుకు క్రికెట్, లోపలంతా దేశం.

అందులో పల్వంకర్ బాలూ భాగం దగ్గర ఆగు. చర్మకార కులంలో పుట్టినవాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేయడం, నెట్స్ కట్టడం అతని పని. గ్రెగ్ అనే ఇంగ్లిష్ బ్యాటర్ ప్రాక్టీసుకి తోడుగా గంటల తరబడి ఎడంచేత్తో బంతులేసి వేసి స్పిన్ బౌలరయ్యాడు. తెల్లవాళ్ల జట్టును ఓడించాలంటే అతను కావాలి కాబట్టి పూనా హిందూ జట్టు తీసుకుంది. తీసుకుని ఏం చేసింది? మైదానంలో అతను ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ విరామం రాగానే మిగతావాళ్లు పెవిలియన్లో పింగాణీ కప్పుల్లో తాగితే, అతనికి బయట, వాడి పారేసే మట్టి ముంతలో పోశారు. ఈ ఒక్క దృశ్యం మీద నువ్వు సెమినార్ పేపర్ రాయొచ్చు.

1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన తొలి అఖిల భారత జట్టులో బాలూ 114 వికెట్లు తీశాడు. జట్టు చాలా మ్యాచ్‌లు ఓడింది, అతను మాత్రం ఓడలేదు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం అతనికి ఎప్పుడూ దక్కలేదు. దానికోసం అన్నదమ్ములు పోట్లాడాల్సి వచ్చింది. చివరికి 1923లో తమ్ముడు విఠల్‌కి ఇచ్చారు. ఆ విఠల్ మరాఠీలో రాసుకున్న ఆత్మకథ లేకపోతే ఈ కథలో సగం మనకు తెలిసేది కాదు. ఆటగాడు తన భాషలో రాసుకున్న పుస్తకం విలువ అది. తెలుగులో మనవాళ్లు అలాంటివి ఇంకా ఎన్నో రాయాల్సి ఉంది. ఆ సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది.

ఇంకో మలుపు కూడా ఉంది. 1937 ఎన్నికల్లో బాలూ కాంగ్రెస్ తరఫున నిలబడింది ఎవరి మీదో తెలుసా? అంబేడ్కర్ మీద. ఓడిపోయాడు. ఒకప్పుడు బాలూని చూసి గర్వపడిన అంబేడ్కరే! ఇది చదివాక కూడా నాన్నగారు "పరీక్షలు లేవా?" అంటే, ప్రశాంత్ కిడంబి రాసిన 'క్రికెట్ కంట్రీ' తెచ్చిపెట్టు. మొత్తం ఆ 1911 యాత్ర మీదే.

ఆటగాళ్ల ఆత్మకథలు నిజంగా వాళ్లే రాస్తారా? అగస్సీ 'ఓపెన్' కొందామనుకుంటున్నాను. రాసింది వేరేవాళ్లట కదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

అవును, రాసింది జె.ఆర్. మోరింగర్ అనే రచయిత. అట్ట మీద పేరు వద్దని ఆయనే అన్నాడు. అయినా కొనండి. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ముందు రోజు స్నానం చేస్తుంటే విగ్గు ఊడి చేతికొస్తే, అన్నతో కలిసి పిన్నులు పెట్టి అతికించుకుని, దేవుడా గెలవకపోయినా పర్లేదు, ఇది ఊడిపోకుండా చూడు అని మొక్కుకున్న మనిషి కథ అది. మోరింగర్ కాదు కదా, ఏ రచయితైనా అలాంటిది కల్పించలేడు. ఆ ఫైనల్ ఓడిపోయాడు, విగ్గు నిలబడింది.

మన దగ్గర ఈ విషయంలో దాపరికం తక్కువే. అభినవ్ బింద్రా పుస్తకం మీద రోహిత్ బ్రిజ్‌నాథ్ పేరు, లక్ష్మణ్ '281 అండ్ బియాండ్' మీద ఆర్. కౌశిక్ పేరు దర్జాగా ఉంటాయి. లక్ష్మణ్ పుస్తకంలో 2001లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఆడిన ఇన్నింగ్స్ చదివేముందు, ఆ మ్యాచ్‌కి ముందు నడుం పట్టేసి, ఒళ్లు ఓ పక్కకి ఒరిగిపోయి, ఫిజియో ఆండ్రూ లీపస్ చేతుల్లో ఉన్న లక్ష్మణ్‌ని చూడండి. ఆ 281 ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

'మైదాన్' సినిమా చూశాక ఫుట్‌బాల్ కోచ్ రహీం గారి గురించి పుస్తకం చదవాలనిపించింది. మా తాతయ్య హైదరాబాద్ పోలీసు జట్టు కబుర్లు చెప్పేవారు. అప్పుడు పట్టించుకోలేదు.
– గృహిణి, బొల్లారం

నోవీ కపాడియా రాసిన 'బేర్‌ఫుట్ టు బూట్స్' తెప్పించుకోండమ్మా. 2017లో వచ్చింది. రహీం సాబ్ ఒక్కరి కథ కాదు గానీ, తాతగారు చెప్పిన ఆ పోలీసు జట్టు అందులో కళ్లకు కడుతుంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు మరి. ఆ జట్టుకు కోచ్ అయిన రహీం అసలు వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ సినిమాలో ఉన్నదే, కానీ అక్కడి జనం మన మీద ఎందుకు మండిపడ్డారో పుస్తకంలో బాగా అర్థమవుతుంది. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని ఆసియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి మన మీద మంట. మన దౌత్య కార్యాలయం మీదే దాడి చేశారు. ఫైనల్లో స్టేడియం మొత్తం మనవాళ్లను గేలి చేస్తుంటే, మన కోసం అరిచింది ఎవరనుకున్నారు? పాకిస్తాన్ హాకీ జట్టు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టే అది. తొమ్మిది నెలలకు క్యాన్సర్ రహీంని తీసుకుపోయింది.

తాతగారి కబుర్లు గుర్తున్నంత వరకు ఓ నోటు పుస్తకంలో రాసి పెట్టండి.

మా అమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్‌లో చేరింది. ఆడపిల్లకు ఇచ్చే పుస్తకం చెప్పండి. "మల్లీశ్వరికి కాంస్యమే కదా" అని బంధువులు తేలిగ్గా మాట్లాడుతున్నారు.
– తల్లి, ఆముదాలవలస

బంధువులకు లెక్క చెప్పమ్మా. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ, 69 కిలోల విభాగం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడమే అదే మొదలు. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. మొదటి రెండు స్థానాల వాళ్లు చెరో 242.5. చివరి ప్రయత్నానికి ఆవిడ బార్ మీద పెట్టించింది 137.5. లేస్తే స్వర్ణం, లేకపోతే కాంస్యం. లేవలేదు. స్వర్ణం కోసమే వెళ్లింది కాబట్టి అంత బరువు పెట్టించింది. "కాంస్యమే కదా" అనేవాళ్లు ముందు బియ్యం బస్తా ఎత్తి చూపించమను.

అమ్మాయికి పుస్తకాలంటే మేరీ కోమ్ 'అన్‌బ్రేకబుల్', సానియా 'ఏస్ ఎగెనెస్ట్ ఆడ్స్' ఇవ్వు. వీలైతే పీటీ ఉష 'గోల్డెన్ గర్ల్' వెతుకు. లాస్ ఏంజెలెస్‌లో సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న మూడేళ్లకు వచ్చిన పుస్తకం. గాయం ఇంకా పచ్చిగానే ఉన్నప్పటి మాటలు. సానియా పుస్తకం పెద్దవాళ్లు కూడా చదవాలి. ఊళ్లో మాటలు పడే తల్లిదండ్రులకు అందులో చాలా ఉంది.

ఇంకా ఆడుతున్న ఆటగాడి జీవితచరిత్ర కొనొచ్చా?
– ఖమ్మం పాఠకుడు

క్రికెటర్ అజారుద్దీన్ మీద హర్షా భోగ్లే రాసిన 'అజర్' 1994లో వచ్చింది. చక్కటి పుస్తకం. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ గొడవలో అజర్ మీద నిషేధం పడింది, మీకు తెలుసు. కొనండి, కాకపోతే అట్ట తిప్పి అచ్చయిన ఏడాది చూసి మొదలుపెట్టండి.

ఈ పాత పుస్తకాలన్నీ దొరికేదెక్కడ?
– అనంతపురం, కాకినాడ, వరంగల్ నుంచి పలువురు

హైదరాబాద్ వస్తే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్. పదింటికల్లా మంచివి పోతాయి. విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు. ఆటల పుస్తకాలు విడిగా పెట్టరు, పోటీ పరీక్షల గైడ్ల కింద ఎక్కడో నలిగి ఉంటాయి. గవాస్కర్ 'సన్నీ డేస్' ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, వదలకండి. పుట్టిన మర్నాడు ఆసుపత్రిలో పసివాడు తారుమారై ఓ జాలరి తల్లి పక్కకు చేరితే, చెవి దగ్గరున్న చిన్న రంధ్రం గుర్తుపట్టి బంధువు వెతికి తెచ్చిన కథ అందులో మొదట్లోనే ఉంటుంది. బేరం మాత్రం ఆడండి. పుస్తకం చూసి మీ కళ్లు మెరిశాయంటే షాపువాడు ధర పెంచేస్తాడు.

మా ఆయన రిటైరయ్యాక క్రికెట్ పుస్తకాలతో బీరువా నింపేశారు. నా పట్టుచీరలు అటక ఎక్కాయి. ఏం చేయమంటారు?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, రాజమండ్రి

ఆయన 'విజ్డెన్' అనే క్రికెట్ వార్షిక సంచిక కొనడం మొదలుపెట్టారేమో ముందు చూడండి. ఇటుకరాయి అంత ఉంటుంది, పసుపు అట్ట. 1864 నుంచి ఏటా ఒకటి వస్తూనే ఉంది. ఒక్కటి కూడా లేకపోతే చీరలు వెంటనే కిందికి దించేయండి. ఉన్నాయంటే మాత్రం రెండో బీరువాకి ఇప్పుడే ఆర్డరివ్వండి.